బిల్డింగ్ 20: యుద్ధం ముగిసిన ఆరు నెలలకు కూలాల్సిన చెక్క భవనం 1998 దాకా ఎందుకు నిలిచింది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు రెండు ముక్కల్లో చెబుతాను. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే ఎంఐటీ, ఆవరణలో తాత్కాలికంగా కట్టిన బిల్డింగ్ 20 అనే చెక్క భవనం గడువు తీరాక కూడా అర్ధశతాబ్దం ఎలా నిలిచింది? అక్కడ పుట్టిన కొత్త రంగాలకు ఆ పాత కొంపే కారణమన్న మాటలో నిజమెంత? మీ కళాశాలలోనూ ఎప్పుడో వేసిన తాత్కాలిక షెడ్డు ఒకటి ఉందనీ, దాన్ని ఉంచాలా తీసేయాలా అన్న చర్చ నడుస్తోందనీ చివర్లో రాశారు. దాని సంగతి నేనూ చివర్లోనే చెబుతాను.

సూటి సమాధానం ముందు. ఆ భవనాన్ని నిలబెట్టాలని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. దాన్ని కూల్చడానికి వీలైన ఖాళీ ఎన్నడూ దొరకలేదు, అంతే. రెండో ప్రపంచ యుద్ధం ముగియగానే ఒక పక్క విద్యార్థులూ, మరో పక్క పరిశోధన నిధులూ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. ఉన్న చోటు చాలలేదు. చేతిలో ఉన్న చోటును వదులుకునే స్థితిలో ఏ విభాగమూ లేదు. ఇక రెండో ముక్కకు వస్తే, భవనానికి పాత్ర ఉన్న మాట నిజమే గాని జనం చెప్పుకునే కారణం సరైనది కాదు. పాడుబడి ఉండడం వల్ల అక్కడ ఆలోచనలు పుట్టలేదు. లోపల ఏ మార్పు చేసుకోవాలన్నా ఖర్చు స్వల్పం, అడిగేవాళ్లు తక్కువ. ఇంకా హోదా సంపాదించని రంగాలకు సైతం అక్కడ గదులు దొరికేవి. వీటికి తోడు యుద్ధం వదిలిపెట్టిన మనుషులు, పరికరాలు, సైన్యం డబ్బు ఉన్నాయి. బిల్డింగ్ 20 గురించి ముచ్చటగా రాసేవాళ్లు ఈ చివరి మూడింటినీ తరచు మరచిపోతారు.

నేను అమెరికా ఈశాన్య ప్రాంతంలో విశ్వవిద్యాలయ భవనాల ప్రణాళిక, నిర్వహణ పనుల్లో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఏ గది ఎవరికివ్వాలి, ఏ గోడ తీయవచ్చు, ఏ భవనాన్ని ఇంకెన్నేళ్లు మోయాలి అన్నవే నా రోజువారీ పంచాయితీలు. కాబట్టి భవనాల ఖాతాలు చూసేవాడు చెబుతున్న చరిత్రగా దీన్ని చదవండి.

ముందుగా ఒక చిన్న సవరణ. మీరు దాన్ని యుద్ధానంతర భవనం అన్నారు. అది యుద్ధం మధ్యలో, 1943లో, కట్టినది. అయితే దాని జీవితంలో యుద్ధంతో గడిచినది రెండేళ్లకు మించదు, మిగిలినదంతా ఆ తరువాతిదే. కనుక మీరన్న మాటను పూర్తిగా కొట్టిపారేయలేము. కట్టడానికి కారణం మాత్రం రాడార్. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండాల్, హ్యారీ బూట్ 1940 మొదట్లో తయారుచేసిన క్యావిటీ మాగ్నెట్రాన్‌ను అదే ఏడాది శరదృతువులో బ్రిటన్ పంపిన టిజార్డ్ బృందం అమెరికాకు తెచ్చి చూపించింది. అరచేతిలో పట్టే ఆ పరికరం అంతకుముందు ఊహకందని శక్తితో సెంటీమీటర్ల తరంగాలను పుట్టించగలదు. దాన్ని ఆయుధంగా మలచడానికి ఎంఐటీలో ‘రేడియేషన్ లేబరేటరీ’, క్లుప్తంగా రాడ్ ల్యాబ్, వెలిసింది. పేరు విన్నవాళ్లు ఏదో అణుభౌతికశాస్త్రం కాబోలు అనుకోవాలనే ఆ పేరు పెట్టారు. లీ డుబ్రిడ్జ్ దానికి సంచాలకుడు. కొద్దిమందితో మొదలైన ఆ సంస్థలో యుద్ధం ముగిసే నాటికి సుమారు 4,000 మంది పనిచేస్తున్నారు. అంతమందికి రాతి భవనాల్లో చోటెక్కడిది?

అప్పుడు పిలిచిన మనిషి డాన్ విస్టన్ అనే వాస్తుశిల్పి, ఎంఐటీలోనే చదివినవాడు. మధ్యాహ్నం కబురు వెళ్తే సాయంత్రానికల్లా ప్రాథమిక నక్షా, నిర్దేశాలూ సిద్ధమయ్యాయని ప్రసిద్ధి. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆ నక్షాలో ఆలోచించాల్సినవి అంత తక్కువ: వాసర్ వీధి పక్కన మూడంతస్తుల పొడవాటి చెక్క కట్టడాలు, ఒకదానికొకటి సమాంతరంగా కొన్ని రెక్కలు, వాటిని కలుపుతూ మరొకటి, నడుమ ఖాళీ ప్రాంగణాలు. ఉక్కు యుద్ధానికి పోతోంది కాబట్టి భారీ దుంగలతో చట్రం, పైన ఆస్బెస్టాస్ కలిసిన సిమెంటు పలకల తొడుగు, చదునైన కప్పు. లెక్కించే తీరును బట్టి రెండు నుంచి రెండున్నర లక్షల చదరపు అడుగుల చోటు. అంత పెద్ద చెక్క భవనాన్ని, ఎంఐటీ ఉన్న కేంబ్రిడ్జ్ నగర అగ్నిమాపక నిబంధనలు ఒప్పుకోవు. యుద్ధం నడిచినంత కాలం, ఆ పైన ఆరు నెలలు మాత్రమే అది ఉండాలన్న షరతు మీద నగరం మినహాయింపు ఇచ్చింది. మీరు చదివిన ఆరు నెలల గడువు ఈ అనుమతి పత్రంలోనిదే.

మరి ఆ ఆరు నెలలు ఏమయ్యాయి? 1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయింది, డిసెంబరు 31న రాడ్ ల్యాబ్ మూతపడింది. లెక్క ప్రకారం 1946లో ఆ చెక్కలు విప్పేయాలి. సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలోని ప్రతి కళాశాల ద్వారం దగ్గరా క్యూ మొదలైంది. 1944లో వచ్చిన జీఐ బిల్లు ప్రకారం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వం భరించింది; 1947 నాటికి దేశంలోని కళాశాల విద్యార్థుల్లో దాదాపు సగం, 49 శాతం, మాజీ సైనికులే. మొత్తం మీద ఆ పథకం కింద కళాశాలల్లో చేరినవారు 22 లక్షలు. తరగతి గదులు లేవు, పెళ్లయి పిల్లలున్న విద్యార్థులకు ఇళ్లు లేవు. ఫెడరల్ ప్రభుత్వం 1946లో ఒక పథకం పెట్టి, సైన్యానికి ఇక అక్కర్లేని బ్యారక్‌లను విప్పించి, కళాశాలల ఆవరణలకు తరలించి, మళ్లీ బిగించి ఇచ్చింది. సగం కోసిన పీపాను బోర్లించినట్టుండే క్వాన్‌సెట్ రేకుల గుడిసెలు కూడా అలాగే వచ్చి చేరాయి. సిమెంటు, ఉక్కు, మేస్త్రీలు అన్నిటికీ కొరత ఉన్న ఆ రోజుల్లో, దేశమంతా తాత్కాలిక కట్టడాలు తెచ్చుకుంటుంటే, ఉన్న రెండు లక్షల చదరపు అడుగులను కూల్చే పని ఎంఐటీ మాత్రం ఎందుకు చేస్తుంది?

రెండో కారణం పరిశోధన. రాడ్ ల్యాబ్‌లోని మౌలిక పరిశోధన విభాగం చెదిరిపోకుండా కొనసాగి, 1946 జులైలో ‘రీసెర్చ్ లేబరేటరీ ఆఫ్ ఎలక్ట్రానిక్స్’ అయింది. క్లుప్తంగా ఆర్‌ఎల్‌ఈ అంటారు. జూలియస్ స్ట్రాటన్ మొదటి సంచాలకుడు, 1950లలో ఎక్కువ కాలం జెరోమ్ వీస్నర్. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం కలిసి దీనికి డబ్బిచ్చేవి. ఆ డబ్బును ఫలానా పరికరానికే వాడాలన్న నిర్బంధం పెద్దగా ఉండేది కాదు. విద్యుత్ ఇంజినీర్లు, భౌతికశాస్త్రవేత్తలు ఒకే సంస్థ కింద పనిచేయడం ఎంఐటీకి అప్పటికి కొత్త. వీళ్లందరూ ముందు నుంచీ ఆ చెక్క భవనంలోనే ఉన్నారు, పరికరాలూ అక్కడే ఉన్నాయి. ఒక్కసారి ఇలా సర్దుకున్నాక కదిలించడం ఎంత కష్టమో నా వృత్తిలో ఉన్నవాళ్లెవరినైనా అడగండి.

మూడో కారణం పైకి కనిపించదు గాని నా అనుభవంలో అన్నింటికంటే బలమైనది. విశ్వవిద్యాలయాల ఖాతాల్లో కొత్త భవనం ఖర్చు ఒక పద్దు, ఉన్న భవనాన్ని నడిపే ఖర్చు మరొక పద్దు. కూల్చాలంటే మొదటి పద్దులోంచి ఒకేసారి పెద్ద మొత్తం తీయాలి, లోపలివాళ్లకు ఇంకోచోట గదులు చూపించాలి, పాలకమండలికి నచ్చజెప్పాలి. ఉంచాలంటే రెండో పద్దులోంచి ఏటా కొంచెం కొంచెం పోతుంది, ఎవరూ సంతకం పెట్టనక్కర్లేదు. నేను చూసిన ఒక ఆవరణలో ప్రధాన భవనం మరమ్మతు అయ్యేదాకా అని ఒక విభాగం కోసం వరుసగా కొన్ని ముందే తయారైన గదులు దించారు. మరమ్మతు పూర్తయింది, ఆ విభాగం వెళ్లిపోయింది. తాళాలు వెనక్కి రాకముందే మరో ఇద్దరు ఆచార్యులు వాటి కోసం అర్జీ పెట్టుకున్నారు. చోటు రిజిస్టరులో వాటి ఎదుట ‘తాత్కాలికం’ అనే మాట అలాగే ఉంది, దాన్ని దిద్దాల్సిన అవసరం ఏ గుమాస్తాకూ కలగలేదు. బిల్డింగ్ 20కి జరిగినది ఇదే, కాకపోతే చాలా పెద్ద స్థాయిలో.

ఇక లోపల ఎవరుండేవారో చూద్దాం. అసలు ఆసక్తి ఇక్కడే.

జెరాల్డ్ జకారియాస్ సంగతి మొదట చెప్పాలి. సీజియం పరమాణువుల కంపనాలతో కాలాన్ని కొలిచే గడియారం ఆయన లక్ష్యం. పరమాణువులను ఎంత ఎక్కువసేపు గమనిస్తే కొలత అంత నిక్కచ్చిగా వస్తుంది. అందుకని పరమాణువులను కింది నుంచి పైకి చిమ్మి, అవి నెమ్మదించి తిరిగి కిందికి పడేదాకా కొలవవచ్చునని 1950లలో ఆలోచించారు. అలా చిమ్మాలంటే నిట్టనిలువు గొట్టం కావాలి, ఒక అంతస్తు ఎత్తు చాలదు. బిల్డింగ్ 20లో అంతస్తులకు కన్నాలు వేసి, మూడంతస్తుల ఎత్తున ఆ గొట్టాన్ని నిలబెట్టారు. ఆ ప్రయోగం ఫలించలేదు: వెనక నుంచి వేగంగా వచ్చే పరమాణువులు నెమ్మదిగా వెళ్లేవాటిని ఢీకొని చెదరగొట్టేశాయి. కాని ఎత్తైన గొట్టం అవసరం లేని మరో పద్ధతిలో ఆయన పని 1956లో ఆటమిక్రాన్ అనే పేరుతో అమ్మకానికి వచ్చిన మొదటి పరమాణు గడియారం అయింది. ఆ ఫౌంటెన్ ఆలోచన కూడా వృథా పోలేదు. లేజర్లతో పరమాణువులను చల్లబరిచే విద్య వచ్చాక, 1980ల చివర్లో అది సాధ్యమైంది; నేడు ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే గడియారాలు ఆ తీరువే. దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. విఫలమయ్యే అవకాశం ఎక్కువగా ఉన్న ప్రయోగం కోసం రెండంతస్తులు తొలిచేయడానికి ఏ భవన సంఘమూ ఒప్పుకోదు. అక్కడ ఒప్పుకోవాల్సిన సంఘమే లేదు.

భాషాశాస్త్రం మరో ఉదాహరణ. మోరిస్ హాలే 1951లో ఎంఐటీలో చేరారు, నోమ్ చామ్‌స్కీ 1955లో ఆర్‌ఎల్‌ఈలోని యంత్రానువాద ప్రాజెక్టులోకి వచ్చారు. యంత్రానువాదం మీద తనకు నమ్మకం లేదని చామ్‌స్కీ ముందే చెప్పారు, అయినా వీస్నర్ తీసుకున్నారు. ఆనాటికి ఎంఐటీలో భాషాశాస్త్ర విభాగం అనేదే లేదు. పేరు మోసిన విశ్వవిద్యాలయంలో, విభాగం లేని విషయానికి రాతి భవనంలో గది అడిగితే ఎవరిస్తారు? చెక్క భవనంలో ఇచ్చారు. 1961లో డాక్టరేట్ కార్యక్రమం మొదలైంది, ఆ తరువాత ప్రపంచం నలుమూలలా భాషాశాస్త్రం చెప్పే తీరే మారింది. హైదరాబాద్‌లోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో వాక్యనిర్మాణ పాఠాలు చదువుకున్న మన పిల్లలకు ఆ పాఠాల పుట్టిల్లు ఈ ఆస్బెస్టాస్ పలకల కొంపేనని చెబితే నవ్వుతారేమో గాని, అది నిజం. అదే పైకప్పు కింద సైన్యంలో చేరబోయే విద్యార్థులకు శిక్షణ ఇచ్చే ఆర్‌ఓటీసీ కార్యాలయాలూ ఉండేవి. వియత్నాం యుద్ధాన్ని బాహాటంగా వ్యతిరేకించిన చామ్‌స్కీ, సైనిక శిక్షణార్థులు ఒకే భవనంలో మసలేవారన్నమాట.

జెరోమ్ లెట్విన్, వారెన్ మెకలక్, వాల్టర్ పిట్స్, హంబెర్టో మాటురానా కలిసి కప్ప కన్ను మెదడుకు ఏ సమాచారం పంపుతుందో చెప్పిన 1959 నాటి ప్రసిద్ధ పరిశోధన కూడా ఈ ఆర్‌ఎల్‌ఈ వాతావరణంలోనిదే. ఆ భవనం ఈ సంస్థకు గర్భాశయం వంటిదని, గందరగోళంగా ఉన్నా అక్కడే అన్నీ పుడతాయని లెట్విన్ అనేవారు. శబ్దశాస్త్ర ప్రయోగశాల నుంచి రిచర్డ్ బోల్ట్, లియో బెరానెక్ 1948లో బయటికి వచ్చి పెట్టిన సంస్థే, 1969లో ఇంటర్నెట్‌కు మాతృక అయిన ఆర్పానెట్‌కు తొలి స్విచ్చింగ్ యంత్రాలు తయారుచేసింది. బోస్ స్పీకర్ల సంస్థ స్థాపకుడు అమర్ బోస్ కూడా ఆ ఇంట తిరిగినవారే.

ఇవన్నీ ఒక ఎత్తు, టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్బు ఒక ఎత్తు. 1946లో మొదలైన ఈ విద్యార్థి సంఘానికి ‘ఈ’ (E) అనే అక్షరం పేరున్న రెక్కలో, 20ఈ-214 గదిలో చోటు దొరికింది. గదిలో సింహభాగం బల్ల మీద పరచిన బొమ్మ రైలు పట్టాలది. కొందరు సభ్యులు బొగ్గు గుట్టలు, స్టేషన్లు అచ్చంగా కట్టేవారు. మరికొందరు బల్ల కిందికి దూరేవారు. బల్ల కింద టెలిఫోన్ ఎక్స్ఛేంజీల నుంచి వచ్చిన రిలేలు, స్విచ్చులు, చిక్కుపడ్డ తీగల అడవి; టెలిఫోన్ డయలు తిప్పితే ఫలానా రైలు ఫలానా పట్టా మీదికి మళ్లేది. ఈ రెండో రకం కుర్రాళ్లే పక్క భవనానికి టీఎక్స్-0, పీడీపీ-1 కంప్యూటర్లు వచ్చినప్పుడు రాత్రుళ్లు వాటి ముందు చేరారు. ‘హ్యాక్’ అనే మాటను వారి యాసలో పీటర్ శామ్సన్ 1959లో ఒక చిన్న పదపట్టికలో రాసిపెట్టాడు. ఎప్పటికీ విప్పనక్కర్లేని, రాత్రింబగళ్లు తెరిచి ఉండే గది ఒక విద్యార్థి సంఘానికి దశాబ్దాల తరబడి ఉండడం ఎంత అరుదో గది కేటాయింపులు చేసే నాకు బాగా తెలుసు.

భవనం చేసిన పని ఏమిటంటే, మార్పుకు అడ్డు రాకపోవడం. చెక్క చట్రంలో గదుల మధ్య అడ్డగోడలు బరువు మోయవు, మేకులు పీకి జరపవచ్చు. నీళ్ల గొట్టాలు, కరెంటు తీగలు గోడల్లో పూడ్చకుండా పైపైనే, కారిడార్ కప్పు వెంట పోతాయి. నిచ్చెన వేసుకుని కొత్త తీగ కలపవచ్చు. యుద్ధకాలపు యంత్రాల కోసం వేసిన నేల గట్టిది, బరువైన పరికరాలను మోస్తుంది. మూడంతస్తులే, పొడుగు ఎక్కువ. కాబట్టి ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నా నడవాలి, నడిస్తే ఇతరుల గుమ్మాల ముందు నుంచే వెళ్లాలి. అన్నిటినీ మించి, పోతే పోనీ అనుకునే భవనం కాబట్టి పాడుచేస్తున్నామన్న జంకు ఎవరికీ లేదు.

యుద్ధకాలపు చెక్క భవనమొకదాన్ని సర్వే చేస్తూ నేను గోడ పలక ఒకటి విప్పించాను. లోపల పది అంగుళాల మేర నాలుగు తరాల వైరింగ్ ఒకదాని మీద ఒకటి ఉంది: అన్నిటికంటే అడుగున గుడ్డ తొడుగు తీగ, దాని మీద రబ్బరుది, ఆ పైన ప్లాస్టిక్, అన్నిటి మీదా నీలం రంగు కంప్యూటర్ నెట్‌వర్క్ తీగ. పాతవాటిని ఎవరూ తీయలేదు, కత్తిరించి వదిలేశారు. చట్రపు కర్ర మీద వడ్రంగి పెన్సిలుతో రాసుకున్న కొలతలు చెక్కుచెదరలేదు. ఆ పక్కనే ఉన్న కొత్త ప్రయోగశాలలో ఒక శాస్త్రవేత్త గోడకు ఒక్క కన్నం కావాలంటే నిర్మాణ ఇంజినీరు సంతకం, అగ్ని నిరోధక పూత, ఆస్తి విభాగం ఆమోదం అన్నీ కావాలి. ఆ నిబంధనలు రాసేవాళ్లలో నేనూ ఒకడిని, అవి అనవసరమని అనను. కాని అంతసేపు ఆగాల్సి వస్తే ప్రయోగం మీద ఆసక్తి చల్లారిపోయేవాళ్లను కూడా చూశాను.

ఇప్పుడు జాగ్రత్తలు. మొదటిది, బతికినదాన్ని మాత్రమే చూసి తీర్పు చెప్పకండి. 1946 తరువాత అమెరికా ఆవరణల్లో వెలిసిన బ్యారక్‌లు, రేకుల గుడిసెలు లెక్కకు మించి ఉన్నాయి. వాటిలో అత్యధిక భాగం తరగతులు, భోజనశాలలు, కాపురాలు నడిపి, ఎవరూ గుర్తుపెట్టుకోకుండా కనుమరుగయ్యాయి. చెక్కలోనే మహిమ ఉంటే అవన్నీ ఏం చేశాయి? తేడా లోపలి మనుషుల్లో ఉంది. యుద్ధకాలంలో దేశంలోని మేటి భౌతికశాస్త్రవేత్తలను ఒక చోట చేర్చి, విభాగాల గిరులు చెరిపి, డబ్బుకు వెనకాడకుండా పని చేయించిన అలవాటు రాడ్ ల్యాబ్ నుంచి ఆర్‌ఎల్‌ఈకి సంక్రమించింది. వీస్నర్ లాంటి సంచాలకుడు, ముందే పేరు పెట్టని సైనిక నిధులు లేకుండా అదే భవనాన్ని ఇంకో ఊళ్లో నిలబెడితే అది వట్టి గోదామే.

రెండోది, ఎంఐటీ రాతి భవనాలు మరీ బిగుసుకుపోయినవేమీ కావు. విలియం వెల్స్ బాస్‌వర్త్ రూపకల్పనలో 1916లో తెరిచిన ప్రధాన భవనాలకు పైన సున్నపురాయి తొడుగు, స్తంభాలు, గుమ్మటం ఉన్నా లోపలిది కాంక్రీటు చట్రమే. గదులు మార్చుకునే వీలు అక్కడా ఉంది. కాని అక్కడ ప్రతి గదికీ ఒక విభాగం యజమాని, ప్రతి విభాగానికీ ఒక పరువు. కాబట్టి తేడా సగం కట్టడంలో ఉంటే సగం యాజమాన్యంలో ఉంది.

మూడోది, ఆ భవనంలో ఉండడం సుఖమేమీ కాదు. వేసవిలో ఉడికిపోయేవారు, చలికాలంలో వణికేవారు, కిటికీలు గాలికి గడగడలాడేవి, కారిడార్లు చీకటి గుయ్యారాలు, రెక్కల అక్షరాల క్రమం అంతుపట్టక కొత్తవాళ్లు దారి తప్పేవారు. ఆస్బెస్టాస్ సంగతి సరేసరి. ‘ప్లైవుడ్ ప్యాలెస్’ అని ముద్దుపేరు పెట్టుకున్నది అక్కడ పనిచేసి బయటపడ్డవాళ్లు. ప్రతి రోజూ ఊడ్చినవాళ్లు, బాయిలర్ చూసినవాళ్లు ఏ పేరు పెట్టుకున్నారో ఎవరూ రాయలేదు. రెండు లక్షల చదరపు అడుగుల ఎండిన చెక్క, అడుగడుగునా విద్యుత్ పరికరాలు. అన్నేళ్లలో పెద్ద అగ్నిప్రమాదం రాకపోవడం అదృష్టమని భవనాలు చూసేవాడిగా నా అభిప్రాయం. ఆ నగరం విధించిన ఆరు నెలల షరతులో అర్థం లేకపోలేదు.

చివరికి 1998 మార్చి నెలాఖరులో పాత కాపురస్తులందరినీ పిలిచి వీడ్కోలు సభ జరిపారు, ఆ ఏడాదే కూల్చారు. ఆ జాగాలో ఫ్రాంక్ గెరీ రూపకల్పన చేసిన స్టాటా సెంటర్ 2004లో తెరుచుకుంది. ఖర్చు సుమారు 30 కోట్ల డాలర్లు. కంప్యూటర్ సైన్సు, కృత్రిమ మేధ ప్రయోగశాలలు, భాషాశాస్త్ర విభాగం ఇప్పుడు అందులోనే ఉన్నాయి. పాత భవనంలో అనుకోకుండా జరిగిన కలయికలు కొత్తదానిలో కావాలని జరగాలని కింద వీధిలాంటి పొడవాటి నడవా పెట్టారు, ఒరిగిన గోడలు, వంకర మూలలు పెట్టారు. 2007లో నీరు కారడం, పగుళ్లు, బూజు వంటి లోపాలపై ఎంఐటీ దావా వేయగా, 2010లో అది రాజీతో ముగిసింది. పాత కప్పూ కారేది గాని దాని మీద దావా వేయాలన్న ఆలోచన ఎవరికీ వచ్చి ఉండదు. నా మట్టుకు నాకు స్టాటా సెంటర్ మీద కోపం లేదు. కింది నడవా నిజంగానే జనంతో కళకళలాడుతుంది. కాని వాలుగా నిలిచిన గోడకు అలమర బిగించడం కూడా కష్టమే, ఇక దాన్ని పగలగొట్టి జరపడం ఎవరి తరం?

ఇక మీ కళాశాల షెడ్డు. ఫొటో పెట్టలేదు కాబట్టి సాధారణంగా చెబుతాను. బిల్డింగ్ 20 పేరు చెప్పి దాన్ని కాపాడాలని చూడకండి. ఆ వాదన మీ ప్రిన్సిపాల్ ముందు ఒక్క నిమిషం నిలవదు. ముందు పైకప్పు ఏమిటో తెలుసుకోండి. మన దేశంలో ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి, పాత షెడ్లలో అవి ఉండే అవకాశం ఎక్కువ. రేకు చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని ముట్టుకోకండి. తొలచడం, కోయడం, విరగ్గొట్టడం వల్లనే నార ధూళి లేస్తుంది, ఊపిరితిత్తులకు చేటు ఆ ధూళితోనే. విరిగినవి ఉంటే తడిపి, పొడిగా రాలకుండా, తెలిసినవాళ్ల చేత తీయించాలి. ‘మార్చుకోదగిన భవనం’ అని మురిసిపోయి విద్యార్థులే డ్రిల్లు పట్టుకోవడం మాత్రం అసలు కూడదు.

తరువాత మీటరు, ఫ్యూజు బోర్డు చూడండి. ఆ షెడ్డు వేసిన రోజుల్లో నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్ల కోసం వేసిన లైనుకు ఇప్పుడు కంప్యూటర్లు, వెల్డింగ్ యంత్రం తగిలించారేమో ఒక ఎలక్ట్రీషియన్ చేత లెక్క కట్టించండి. బయటికి దారులు రెండు ఉండాలి, రెండూ తెరుచుకోవాలి. ఈ మూడూ సరిగా ఉంటే, లేదా తక్కువ ఖర్చుతో సరిచేయగలిగితే, అప్పుడు అసలు ప్రశ్న అడగండి: ప్రస్తుతం దాన్ని ఎవరు వాడుతున్నారు, వాళ్లకు ప్రధాన భవనంలో గది ఎందుకు దొరకలేదు? రోబోటిక్స్ కుర్రాళ్లో, నాటక సంఘమో, ఏ శాఖకూ చెందని ప్రయోగమో అందులో నడుస్తుంటే దాన్ని ఉంచమని అడగడానికి మీకు గట్టి కారణం ఉన్నట్టే. విరిగిన బెంచీలు, పాత జవాబు పత్రాల కట్టలు పడి ఉంటే అది గోదాము; తీసేసి ఆ జాగాలో ఏమి వస్తుందో ముందుగా కాగితం మీద రాయించుకోండి. ఉంచేటట్లయితే ‘తాత్కాలికం’ అన్న పేరును రిజిస్టరులో దిద్దించి, ఏటా మరమ్మతులకు దాని పేరున ఒక పద్దు వేయించండి.